మంగళవారం హాజరు

సన్యాసిరావు మావయ్య పోయాడని నాకెవరూ ఫోన్ చేసి చెప్పలేదు. పోస్టరు చెప్పింది. వైజాగ్‌లో మా ఆఫీసు లిఫ్టులో ఉన్నాను, ఎప్పట్లాగే ఫోన్ చూసుకుంటున్నాను. ఫ్యామిలీ గ్రూపులో మావయ్య ఫొటో వచ్చింది. చుట్టూ బంతిపూలు, కింద దీపం, దాని కింద "అశ్రునివాళి". ఎవడో పుట్టినరోజు పోస్టరునే మార్చి చేసినట్టున్నాడు, పై మూలన ఒక బెలూను అలాగే ఉండిపోయింది. మనిషి పోయి గంటైనా కాలేదు, అప్పుడే ఒకడికి డిజైన్ చేసే తీరిక దొరికింది. లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. నేను దిగలేదు.

ఆయన మా అమ్మకి తమ్ముడు. ప్రొబేషన్ ఆఫీసరు. ఈ పత్రిక ఎడిటరుగారు ఆయన గురించి రాయమని అడిగినప్పుడు, "కొంచెం గంభీరంగా రాయమ్మా" అన్నారు. ప్రయత్నించాను. మహోన్నత వ్యక్తిత్వం, సేవాతత్పరుడు, తీరని లోటు. రాసి, చదువుకుని, కొట్టేశాను. ఆ మాటలన్నీ సంతాప సభలో విన్నాను. ఆయన్ని బతికున్నప్పుడు పీక్కుతిన్నవాళ్ళే మైకు పట్టుకుని అన్నారు. అవి నా వ్యాసంలో వద్దు. అందుకని మాట్లాడినట్టే రాస్తున్నాను. ఆఫీసు పేరు, మావయ్య మంగళవారాలు వెళ్ళే ఊరి పేరు మాత్రం రాయొద్దన్నారు, రాయను. కళింగపట్నం దాటి ఒడ్డు పట్టుకుని ఇంకాస్త పోతే వచ్చే ఊరు అని చెప్తే, తెలియాల్సినవాళ్ళకి తెలుస్తుంది.

ప్రొబేషన్ అంటే ఏంటో మావయ్య ఉండబట్టి నాకు తెలిసింది. మొదటిసారి, చిన్న తప్పు చేసినవాణ్ణి కోర్టు జైలుకి పంపకుండా, బుద్ధిగా ఉంటానని బాండు రాయించుకుని వదులుతుంది. ఆ గడువు అయ్యేవరకూ వాణ్ణి కనిపెట్టుకుని ఉండాల్సినవాడు ప్రొబేషన్ ఆఫీసరు. పని లేనివాడికి పని చూసిపెట్టడం కూడా ఆయన డ్యూటీయే, చట్టంలోనే ఉంది. కానీ ఆ ఆఫీసులో చట్టం అంటే సోమవారం సంతకం. ప్రతి సోమవారం పదకొండు గంటలకి వచ్చి, వరండాలో నిలబడి, రిజిస్టర్లో సంతకం పెట్టి పోవాలి. ఎవడూ తలెత్తి మొహం చూడడు. నువ్వు పని చేసుకుంటున్నావా, చదువుకుంటున్నావా, తిన్నావా అని అడగడు. సంతకం ఉంటే మారినట్టు, లేకపోతే చెడిపోయినట్టు.

మావయ్య వేరేగా అడిగేవాడు. ఎవరు కనపడినా రెండే ప్రశ్నలు. "ఈ వారం ఏటి పని సేసినావు? ఏటి నేర్సుకున్నావు?" నన్ను కూడా అవే అడిగేవాడు, ఫోన్ చేసిన ప్రతిసారీ. నేను రీల్స్ ఎడిట్ చేశానని చెప్తే, "సరే, అది పనే అనుకుందాం. నేర్సుకున్నదేటి?" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది.

ఆయన్ని దేవుణ్ణి చెయ్యదలుచుకోలేదు. చెప్పిన జోకే మళ్ళీ చెప్పేవాడు. ఎవరి గొడుగు తీసుకెళ్ళినా తిరిగొచ్చేది కాదు. బీపీ మాత్రలు వేసుకోమని లక్ష్మత్త ప్లేటు పక్కన పెడితే జేబులో వేసుకుని పోయేవాడు, చొక్కా ఉతికేటప్పుడు అవి కరిగిపోయి దొరికేవి. ఇంటి పని ఒక్కటి టైముకి చేసిన పాపాన పోలేదు. "ఊళ్ళో దొంగలందరికీ పని సూపిస్తారు, మన ఇంటికి ప్లంబర్ని మాత్రం తేలేరు" అని అత్త ఎత్తిపొడిచేది. "దొంగలనకే. ఒకసారి దొంగతనం సేసినోళ్ళు" అని దిద్దేవాడు. అక్కడితో ప్లంబర్ సంగతి మర్చిపోయేవాడు.

పాతపట్నం పక్కన పల్లెటూరి రైతు కుటుంబం వాళ్ళది. ఎంత చదివినా, ఎంత ఉద్యోగం చేసినా మాట మార్చుకోలేదు. దానికి కూడా ఆఫీసులో వెక్కిరింపే. "గెజిటెడ్ ఆఫీసరై ఉండి 'నేదు, కాదేటి' అంటారేంటండీ" అని ఒకాయన నా ముందే నవ్వాడు. మావయ్య కూడా నవ్వి, "నా దగ్గరికొచ్చినోళ్ళు ఇలాగే మాటాడతారండి. ఆళ్ళకి అర్దం కాపోతే నా ఇంగిలీసెందుకు" అన్నాడు. నేనైతే ఆ మనిషి టీ గ్లాసు మొహాన పోసేదాన్ని.

ఒకసారి ఒకతనికి జీడిపప్పు ఫ్యాక్టరీలో పని ఇప్పించాడు. అతను కొన్నాళ్ళకి ఓనరు సైకిలేసుకుని పారిపోయాడు. మావయ్య ఆ ఓనరు దగ్గరికి క్షమాపణ చెప్పడానికి వెళ్ళాడు. క్షమాపణ అయ్యాక, ఇంకొకతనున్నాడు, పన్లో పెట్టుకుంటావా అని అడిగాడు.

"ఇంకోడా? మీకు సిగ్గు నేదేటి సారూ" అన్నాడట ఓనరు.

"సిగ్గుంటే ఈ ఉద్యోగం సెయ్యలేను బావ. ఈసారి సైకిలుకి తాళం ఎయ్యి."

ఆ రెండో అతను ఇప్పటికీ అక్కడే పని చేస్తున్నాడు. పెద్దకర్మ రోజున వచ్చి వడ్డన దగ్గర నిలబడి ఒక్కడే అందరికీ మంచినీళ్ళు పోశాడు. ఎవరు బాబూ నువ్వు అంటే, "సైకిలెత్తుకుపోయినోడి తరవాతోణ్ణండి" అన్నాడు.

ఇంకొక కుర్రాడు డిగ్రీ చదివేవాడు. సోమవారమే ఎచ్చెర్లలో పరీక్ష పడింది. ఆఫీసులో అడిగితే, ముందు సంతకం పెట్టు, తర్వాత పరీక్షకి పో అన్నారు. పదకొండుకి ఇక్కడ సంతకం పెట్టినవాడు అక్కడ పరీక్ష ఎలా రాస్తాడో ఆ మహానుభావులు చెప్పలేదు. మావయ్య ఆ రోజు ఆఫీసుకి సెలవు పెట్టి, యూనివర్సిటీ గేటు బయట ఎండలో నిలబడ్డాడు. కుర్రాడు బయటికి రాగానే "రాసినావా?" అని అడిగాడు.

"రాసేనండి."

"అయితే నువ్వు హాజరే. ఎల్లి తిను."

అప్పట్నుంచి మొదలైంది ఆయన పద్ధతి. పని చేసేవాడి హాజరు పని దగ్గరే. చదివేవాడి హాజరు చదువు దగ్గరే. వాళ్ళు రాలేరు కాబట్టి తనే వెళ్ళేవాడు. ఈ పద్ధతి మీద పైకి ఉత్తరాలు రాశాడు, మీటింగుల్లో చెప్పాడు. అందరికీ కాకపోయినా, పని పోయే ప్రమాదం ఉన్నవాళ్ళకైనా రోజు మార్చమన్నాడు. పై ఆఫీసరు ఏమన్నాడో మావయ్య నాకు వాయిస్ మెసేజ్ పెట్టాడు, ఇప్పటికీ ఉంది.

"మీరే ఆళ్ళ దగ్గరికి ఎల్తే ఆళ్ళకి బయం ఏటుంటాది అన్నాడే. బయపడితే పారిపోతారండి, పని సేసుకోరు అన్నాను. ఆయనకి కోపం వచ్చీసినాది. ఒసే, ఒకణ్ణి జైలుకి పంపడానికి పోలీసులున్నారు, కోర్టున్నాది. ఎల్లకుండా సూడ్డానికి కదేటి నాకు జీతం."

ఆ కోపం మెమో అయి వచ్చింది. ఆఫీసు వేళల్లో ఎవరి అనుమతితో బయట తిరుగుతున్నారని. తిరగడమట. ఏసీ గదిలో కూర్చుని ఫోన్లో క్రికెట్ చూసుకునేవాళ్ళు డ్యూటీలో ఉన్నట్టు, ఎండలో గేటు దగ్గర నిలబడినవాడు తిరుగుబోతు.

ఇక ఎర్రయ్య సంగతి. మావయ్య గురించి రాయాలంటే అతని గురించి రాయాలి.

నేను చెప్పిన ఒడ్డునున్న ఊళ్ళో బోటు మీద కలాసీ, అంటే వల లాగే కూలీ. పాతికేళ్ళ లోపే. వాలీబాల్ ఆటలో గొడవ పడి ఒకడి చెయ్యి విరగ్గొట్టాడు. తప్పే, మావయ్య కూడా అతని మొహం మీదే అనేవాడు. కోర్టు ప్రొబేషన్ ఇచ్చింది. వారానికోసారి ఆఫీసరుకి కనపడాలని షరతు పెట్టింది. కొన్ని సోమవారాలు వచ్చాడు, తర్వాత మానేశాడు. మావయ్య తిట్టడానికే వెళ్ళాడు ఆ ఊరు.

అక్కడ బోటు ఓనరు దానయ్య అడ్డం తగిలాడు. పెద్దమనిషి, ఊరి పెద్దల్లో ఒకడు, నోరు కూడా పెద్దదే.

"సారూ, ఈడు సోమవారం మీకు సంతకం పెడతాడు. మంగళవారం గంగమ్మతల్లి వారం, మా ఊళ్ళో ఎవడూ సేపల ఏటకి ఎల్లడు. వరసగా రెండు రోజులు ఒడ్డు మీద కూకునీవోడు నాకు కలాసీ ఎందుకు? కొబ్బరిసెట్టు సాలు."

బోటు మీద చోటు అంటే అదీ. ఒకడు రాకపోతే ఆ పక్క వల లాగే చెయ్యి ఉండదు, కాబట్టి వేరేవాణ్ణి ఎక్కించుకుంటారు. ఎక్కినవాడు ఇక దిగడు. సంతకం కోసం పోయినవాడికి సంతకమే మిగులుతుంది. మారమని వదిలిన మనిషికి, మారడానికి ఉన్న ఒక్క పనిని ఆ సోమవారం లాక్కుంటోంది. ఇది అర్థం కావడానికి ఐఏఎస్ చదవక్కర్లేదు. అయినా ఎవరికీ అర్థం కాలేదు.

"మంగళవారం ఏటి సేస్తారు మీరు?" అని అడిగాడట మావయ్య.

"వలలు బాగుసేసుకుంటాం. తాగుతాం. తగువులాడుకుంటాం."

"అయితే తగువులాట మొదలవ్వకముందే నాను వస్తాను."

ఆ మాట నిలబెట్టుకున్నాడు. ప్రతి మంగళవారం మొదటి బస్సు. డ్రైవరు వెనక సీటు. చేతిలో టిఫిన్ డబ్బాలో చోడి అంబలి, అంటే రాగి జావ. ఒడ్డున బోర్లించిన పాత తెప్ప నీడలో కూర్చునేవాడు. మావయ్యకి ఈత రాదు, నీళ్ళంటే భయం. అన్ని మంగళవారాలు వెళ్ళి ఒక్కసారీ అల తగిలేంత దూరం పోలేదు. "సారూ, కాళ్ళైనా తడుపుకోండి, గంగమ్మ ఏటనుకుంటాది" అని దానయ్య ఏడిపించేవాడు. "మీరు తడిసిపోనారు కదా, నా తరఫున కూడా" అనేవాడు ఈయన.

ఎర్రయ్యకి ఓపెన్ స్కూల్లో పది కట్టించాడు. పది పాసైతే ఐటీఐలో డీజిల్ మెకానిక్‌కి వెళ్ళొచ్చు, ఆ ఊరి బోట్ల ఇంజన్లు చెడితే బయటినుంచి మనిషి రానక్కర్లేదు. ముందు దానయ్య నవ్వాడు. "ఒరే ఎర్రిగా, సదువుకుని సేపలకి లెక్కలు సెప్తావేట్రా" అన్నాడు. నడి సముద్రంలో ఆయన ఇంజనే ఆగిపోయి, వేరే బోటు తాడు కట్టి లాక్కొచ్చాక, "సదవనియ్యండి సారూ, బేగి సదవనియ్యండి" అన్నాడు.

నేను ఒకసారి మావయ్యతో వెళ్ళాను. పొద్దున్నే లేపినందుకు మండిపోతూ వెళ్ళాను. ఎండుచేపల వాసన, సిగ్నల్ సరిగ్గా లేదు. కానీ అక్కడ ఎర్రయ్య వల కుడుతూ, మావయ్య లెక్కల పుస్తకం పట్టుకుని అడుగుతూ, ఇద్దరికీ జవాబు రాక దెబ్బలాడుకుంటూ ఉంటే, వీడియో తీశాను. బాగా వచ్చింది. పోస్ట్ చేస్తే బాగా పోతుందన్నాను. మావయ్య మొహం మారిపోయింది.

"తీసీ. ఆడి మొహం ఉంచకే. రేపు ఆడికి సంబందం సూత్తే, ఈడు కేసోడని సెప్పడానికి నీ ఫోన్లో సాచ్చెం ఉండిపోతాది."

నా ముందే నిలబడి డిలీట్ చేయించాడు. చెత్తబుట్ట ఫోల్డర్లోంచి కూడా. ఆ మాత్రం తెలుసు ఆయనకి.

అలాంటి ఒక మంగళవారం పొద్దున్నే, ఆ బస్సులోనే పోయాడు. ఆఖరి స్టాపులో కండక్టరు భుజం తట్టి "సారూ, మీ బీచొచ్చింది" అన్నాడట. కర్మ రోజున ఇంటికొచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు ఆ కండక్టరు. "పాపం ఈయాల నిద్రెక్కువైపోనాది, పడుకోనిద్దాం అనుకున్నానమ్మా" అని అత్తకి చెప్పి ఏడ్చాడు.

ఆఫీసువాళ్ళు సంతాప సభ పెట్టారు. ఎప్పుడు పెట్టారో ఊహించండి. సోమవారం, పదకొండు గంటలకి.

అత్తని, నన్ను పిలిచారు. గుమ్మానికి ఫ్లెక్సీ కట్టారు. అందులో ముఖ్య అతిథి ఫొటో పెద్దది, మావయ్య ఫొటో చిన్నది. ఎవరికి సంతాపమో తెలియాలంటే దగ్గరికెళ్ళి చదవాలి. లోపల ఏసీ, వడలు, టీ. వరండాలో సంతకాల లైను. ఎవరికి సేవ చేశాడని లోపల మావయ్యని పొగుడుతున్నారో, ఆ మనుషులే బయట గోడకి ఆనుకుని నిలబడ్డారు. లోపలికి రానివ్వలేదు. కుర్చీలు చాలవట.

మావయ్య కుర్చీలోకి వచ్చిన ఇంఛార్జి ఆఫీసరు మాట్లాడాడు. శాఖకి మానవీయ ముఖం ఇచ్చిన మహనీయుడన్నాడు. ఆయన చూపిన బాటలో నడుస్తామన్నాడు. ఆ బాట మీద తిరుగుతున్నందుకే మెమో ఇచ్చిన పై ఆఫీసరు పక్కనే కూర్చుని తలూపాడు. తర్వాత ఫొటోకి దండ వేస్తూ కెమెరా వైపు తిరిగాడు, ఒకసారి సరిగ్గా రాలేదని మళ్ళీ వేశాడు. అత్త నా చెయ్యి పట్టుకుంది, ఓదార్పు కోసం కాదు, నేను లేవకుండా.

రెండు నిమిషాలు మౌనం అన్నారు. అందరం నిలబడ్డాం. అప్పుడు బయట వరండాలోంచి అటెండరు గొంతు. పేరు, తండ్రి పేరు, "ఆఁ, పెట్టు." పేరు, తండ్రి పేరు, "ఆఁ, పెట్టు." లోపల మౌనం జరుగుతూనే ఉంది. సంతకాలూ ఆగలేదు. ఒక్కరికైనా సిగ్గనిపిస్తుందేమోనని అందరి మొహాలూ చూశాను. కళ్ళు మూసుకున్నారు, అంతే.

అంతలో ఆ గొంతు గట్టిదయ్యింది. "ఇంతమందేంట్రా? మీరంతా కేసోళ్ళేనా? లైన్లో నిలబడండి, ఒకడి వెనక ఒకడు."

"మేం సంతకానికి రాలేదు బాబూ" అంది ఇంకో గొంతు. "సావుకొచ్చినాం."

నేను బయటికొచ్చేశాను. దానయ్య. వెనక ఆయన బోటు కలాసీలు, ఇంకా ఊళ్ళోవాళ్ళు, అందరూ ఉతికిన చొక్కాలు వేసుకుని. వాళ్ళ మధ్యలో ఎర్రయ్య. సోమవారం వేట మానుకుని ఇంతమంది ఎలా వచ్చారని అడిగాను. దానయ్య చెప్పాడు.

వాళ్ళ ఊళ్ళో ఎవరైనా పోతే ఆ రోజు బోట్లు సముద్రంలోకి పోవు. అందరూ ఒడ్డునే ఉంటారు. ఊరివాళ్ళకే ఆ మర్యాద. మావయ్యకి ఇవ్వాలని పెద్దలు కూర్చుని అనుకున్నారు.

"మంగళవారం పోనారు కదమ్మా సారు. ఆ రోజు ఎలాగూ బందే. గంగమ్మకి ఇచ్చిన రోజు సారుకి ఇచ్చినట్టు ఎలగవుతాది? అది సెల్లదు అన్నాం. ఆయనకంటూ ఒక రోజు ఇయ్యాల. ఈయాల ఇక్కడ సబ అని ఎర్రిగాడు సెప్పినాడు. ఊరంతా ఏట ఆపీసినాం."

వాళ్ళకి సోమవారం పోకూడదని జీవితమంతా కొట్లాడిన మనిషికి, వాళ్ళు తెచ్చి ఇచ్చింది సోమవారం.

లోపల సభ అయిపోయింది. ఇంఛార్జి ఆఫీసరు వడ చేత్తో పట్టుకుని బయటికొచ్చాడు. ఎర్రయ్యని చూసి, "నువ్వేనా? నీది చాలా రోజులుగా రిజిస్టర్లో సంతకాల్లేవు. అన్నీ గైర్హాజరే. రిపోర్టు కోర్టుకి పంపించేశాం" అన్నాడు. ప్రొబేషన్ రద్దయితే జైలు. ఆ మాట కూడా అన్నాడు, వడ నములుతూ.

"సార్ వొచ్చీవోరండి" అన్నాడు ఎర్రయ్య.

"ఏ సారు?"

గదిలో ఆ ఫొటోకి వేసిన దండ ఇంకా ఊగుతోంది. ఏ సారు అని అడుగుతున్నాడు. నేను ఏమన్నానో ఇక్కడ రాస్తే ఎడిటరుగారు ఎలాగూ కొట్టేస్తారు. అత్త మాత్రం ఆపలేదు ఈసారి.

కోర్టు వాయిదా ఆ తర్వాత వారం పడింది. ఇంఛార్జి ఆఫీసరు వాదన ఒక్కటే, చనిపోయిన అధికారి బీచికి వెళ్ళినట్టు ఆఫీసులో ఆధారం లేదని. నా ఫోన్లో ఉండాల్సిన ఆధారం ఆయనే చెరిపించాడు, ఎర్రయ్య పెళ్ళి చెడకూడదని. ఉన్న వాయిస్ మెసేజుల్లో ఒక్కదాన్లోనూ ఎర్రయ్య పేరు లేదు, వెతికి చూశాను. ఎవరి పేరూ చెప్పేవాడు కాదు. ఫోన్ పట్టుకుని కోర్టు బయట నిలబడితే, నా చేతిలో ఉన్నది ఇటుకరాయిలా అనిపించింది.

అప్పుడు కండక్టరు వచ్చాడు, ఖాకీ చొక్కాతోనే, డ్యూటీ మధ్యలో. మంగళవారం మొదటి బస్సు, డ్రైవరు వెనక సీటు అని మేజిస్ట్రేటుగారికి చెప్పాడు. దానయ్య కూడా నిలబడ్డాడు.

"ఆయన అక్కడికొచ్చి ఏం చేసేవారు?" అని అడిగారు మేజిస్ట్రేటు.

"కూకునీవోరండి."

"ఊరికే కూర్చునేవారా?"

"అడిగీవోరండి. ఈ వారం ఏటి పని సేసినావు, ఏటి నేర్సుకున్నావు అని. ఈణ్ణి అడిగీవోరు, ఈడిదయిపోనాక నన్నూ అడిగీవోరు. నా మీద కేసు నేదండి, అయినా అడిగీవోరు."

కోర్టులో కొందరు నవ్వారు. మేజిస్ట్రేటు ఎర్రయ్య వైపు తిరిగి, "నువ్వేం చెప్పేవాడివి?" అన్నారు.

"సేసింది సెప్పీవోణ్ణండి. సెయ్యని వారం తిట్టీవోరు."

ఎర్రయ్య ప్రొబేషన్ రద్దు కాలేదు. ఇక నుంచి అతన్ని మంగళవారమే చూడాలని, బోటు పని పోకుండా ఆ ఊళ్ళోనే చూడాలని ఉత్తర్వు ఇచ్చారు. మావయ్య రాసిన ఉత్తరాల్లో అడిగింది సరిగ్గా అంతే. బతికుండగా ఎవడూ చదవని ఆ ముక్కకి ఇప్పుడు స్టాంపు పడింది. ఒక్క ఎర్రయ్యకే. వరండాలో మిగతావాళ్ళ లైను ఎలా ఉందో అలాగే ఉంది, ఈ సోమవారం కూడా చూశాను.

మొదటి మంగళవారం నేనూ వెళ్ళాను. మావయ్య ఎక్కే బస్సులోనే. ఆ సీట్లో ఎవరూ కూర్చోలేదు, కండక్టరు కూర్చోనివ్వలేదు. ఎండ బాగా ఎక్కాక ఇంఛార్జి ఆఫీసరు జీపులో వచ్చాడు. దిగగానే జేబురుమాలు ముక్కుకి పెట్టుకున్నాడు. ఇసుకలో బూట్లు పాడవుతాయని జీపు దగ్గరే నిలబడి, ఎర్రయ్యని అక్కడికే రమ్మన్నాడు. బానెట్ మీద రిజిస్టరు పెట్టాడు. ఎర్రయ్య సంతకం పెట్టాడు. ఆఫీసరు రిజిస్టరు మూశాడు. అయిపోయింది. రోజు మారింది, ఊరు మారింది, జరిగింది మాత్రం ఆ వరండాలో జరిగేదే.

ఎర్రయ్య కదల్లేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఇంకా ఏదో ఉందన్నట్టు.

"ఇంకేంటి?" అన్నాడు ఆఫీసరు.

"అడగలేదు కదండి."

"ఏం అడగాలి?"

ఆఫీసరు ఫోన్ మోగింది, మాట్లాడుకుంటూ జీపెక్కి పోయాడు. వెళ్ళినవాడు తిట్టలేదు కూడా, తిట్టాలన్నా ముందు ఏదో ఒకటి అడగాలి కదా. తీరని లోటు అని సభలో తేలిగ్గా అనేశారు ఆ మాట. దాని కొలత నాకు ఆ ఇసుకలో, జీపు పోయాక తెలిసింది.

దానయ్య వల ముందేసుకుని కూర్చున్నాడు. నేను ఫోన్ సంచిలో పెట్టేశాను. ఎర్రయ్య మెల్లగా బోర్లించిన ఆ తెప్ప దగ్గరికి వెళ్ళి, ఎప్పుడూ కూర్చునే వైపునే కూర్చున్నాడు. నీడ పడే వైపు ఖాళీగా వదిలాడు. లెక్కల పుస్తకం తీశాడు.

"పెద్ద వల బాగుసేసినాను" అన్నాడు, ఎవరూ అడక్కుండానే. "ఇంజన్ ఇప్పి సూసినాను. లెక్కల్లో ఆ పాటం అయిపోనాది సారూ, మీకూ రానిది."